పెదనాన్న చదివిన కాగితం, అమ్మాయి చదివిన కాగితం

ప్రశ్న: మేం హ్యూస్టన్ దగ్గర కేటీలో ఉంటాం. మా అమ్మాయి 7వ తరగతి. స్కూల్లో టెక్సాస్ చరిత్ర చెబుతున్నారు. ‘1836లో టెక్సాస్ మెక్సికో నుంచి ఎందుకు విడిపోయింది?’ అని వ్యాసం రాసుకు రమ్మన్నారు. మా అమ్మాయి ‘బానిసల్ని ఉంచుకోవడం కోసమే విడిపోయింది’ అని రాసింది. మొన్నామధ్య మా తోడల్లుడుగారింట్లో భోజనాల దగ్గర ఆ మాట వచ్చింది. ఆయన టెక్సాస్ వచ్చి పాతికేళ్లు దాటింది. ‘స్వాతంత్ర్య ప్రకటన నేను మొత్తం చదివాను, అందులో బానిసత్వం ఊసే లేదు, ఇదంతా ఈమధ్య పుట్టిన రాజకీయం’ అన్నారు. మా అమ్మాయి ‘మీరు సగమే చదివారు పెదనాన్నా’ అనేసింది. నలుగురిలో ఆయనకు తల కొట్టేసినట్టయింది. అప్పట్నుంచి మా ఆవిడ, వాళ్లక్క ముక్తసరిగా మాట్లాడుకుంటున్నారు. వ్యాసం మార్చి రాయమని అమ్మాయికి చెప్పమంటారా? మార్కులు పోతాయేమో అని ఒక టెన్షన్. అసలు ఇద్దరిలో ఎవరిది రైటు? బతకడానికి వచ్చినవాళ్లం, వీళ్ల పుట్టుపూర్వోత్తరాల గొడవ మనకెందుకు అని కూడా అనిపిస్తోంది.
– ఒక తండ్రి, కేటీ, టెక్సాస్

సమాధానం: అమ్మాయి వ్యాసంలో మార్చాల్సింది ఒక్కచోట ఉంది. అది మార్కుల కోసం మార్చాల్సింది కాదు. దాని సంగతి తర్వాత చెబుతాను, ముందు మీ తోడల్లుడుగారి మాట చూద్దాం.

ఆయన చెప్పింది అబద్ధం కాదండీ. 1836 మార్చి 2న వాషింగ్టన్-ఆన్-ది-బ్రాజస్ అనే చిన్న ఊళ్లో 59 మంది ప్రతినిధులు ఆమోదించిన ప్రకటనలో బానిసత్వం అన్న మాట నిజంగానే లేదు. రాష్ట్రాలకు అధికారాలిచ్చిన 1824 నాటి మెక్సికో రాజ్యాంగాన్ని అక్కడి అధ్యక్షుడు శాంటా అన్నా తుంగలో తొక్కాడని ఉంది. జ్యూరీ విచారణ ఇవ్వలేదని, ప్రభుత్వ బడులు పెట్టలేదని, తమకు నచ్చిన మతం పాటించనివ్వలేదని, విన్నపాలు పట్టుకుని రాజధానికి వెళ్లిన స్టీఫెన్ ఆస్టిన్‌ని, అంటే అమెరికన్ వలసదారుల నాయకుణ్ని, జైల్లో పెట్టారని ఉంది. ఆ ఒక్క కాగితమే చదివినవాళ్లెవరైనా మీ తోడల్లుడుగారు అన్నమాటే అంటారు.

కానీ ఆ సభ ప్రకటన రాసి ఇళ్లకు వెళ్లిపోలేదు. కిటికీలకు అద్దాలు కూడా లేక నూలుగుడ్డ కట్టుకున్న ఆ కట్టడంలోనే ఇంకో రెండు వారాలు కూర్చుంది. మార్చి 6న శాన్ ఆంటోనియోలోని అలమో కోట మెక్సికో సైన్యం చేతికి చిక్కిందన్న కబురు మధ్యలో వచ్చినా లేవలేదు. మార్చి 17కి కొత్త దేశానికి రాజ్యాంగం తయారుచేసింది. దాని చివరి భాగంలో 9వ సెక్షన్ ఉంది. మీ అమ్మాయి బహుశా అది చదివే ఆ మాట అని ఉంటుంది.

అందులో ఉన్న సంగతులు ఇవి. టెక్సాస్‌కు రాకముందు జీవితాంతం బానిసలుగా ఉన్న నల్లవాళ్లు ఇకపైనా అలాగే ఉంటారు. వలస వచ్చేవాళ్లు తమ బానిసల్ని వెంట తెచ్చుకోకుండా ఆపే చట్టం కాంగ్రెస్, అంటే ఆ కొత్త దేశపు చట్టసభ, చేయకూడదు. బానిసల్ని విడుదల చేసే అధికారం కాంగ్రెస్‌కు లేదు. పోనీ, యజమానికే మనసు కరిగి తన బానిసని వదిలేద్దామనుకుంటే? అతనికీ లేదు. కాంగ్రెస్ ఒప్పుకోవాలి, లేదా ఆ మనిషిని దేశం దాటించాలి. ఆఫ్రికా రక్తం కొంచెమైనా ఉన్న స్వేచ్ఛాపరులు కాంగ్రెస్ అనుమతి లేకుండా అక్కడ స్థిరపడకూడదు. ఆ తర్వాతి సెక్షన్‌లో, ప్రకటన రోజున టెక్సాస్‌లో ఉన్నవాళ్లందరూ పౌరులేనని రాసి, ఆఫ్రికన్లను, వాళ్ల సంతానాన్ని, ‘ఇండియన్లను’ (అంటే అమెరికా ఆదివాసుల్ని) మినహాయించారు.

నేను మళ్లీ మళ్లీ ఆలోచించేది ఆ యజమాని గురించిన నిబంధన దగ్గరే. ఉన్న ఆస్తిని కాపాడుకోవాలనుకునేవాడు అంత దూరం వెళ్లడు. తన సొంత ‘ఆస్తి’ని తాను వదులుకునే హక్కు కూడా యజమానికి లేకుండా చేశారంటే, ఇది ఒక్కొక్కరి లాభనష్టాల సంగతి కాదు, దేశం ఎలా ఉండాలన్న సంగతి అని వాళ్లు అనుకున్నట్టు. మరి ప్రకటనలో ఎందుకు రాయలేదు అంటారా? ప్రకటన బయటివాళ్లు చదవడానికి రాసింది. అప్పు కావాలి, వాలంటీర్లు కావాలి, గుర్తింపు కావాలి. బ్రిటన్ అప్పటికే తన వలసల్లో బానిసత్వం రద్దు చేసింది. రాజ్యాంగం ఇంటివాళ్ల కోసం రాసుకున్నది. ఇది నా అంచనా, కానీ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంటే మీకూ అలాగే తోస్తుందనుకుంటాను.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. అసలు ముడి 1821 నుంచి పడుతూ వచ్చింది.

ఆ ఏడాది మెక్సికో స్పెయిన్ నుంచి విడిపోయింది. టెక్సాస్‌లో జనం పల్చగా ఉన్నారు. మోజెస్ ఆస్టిన్ అనే అమెరికన్ స్పెయిన్ అధికారుల దగ్గర కుటుంబాల్ని తెచ్చి దింపేందుకు అనుమతి సంపాదించి, కొద్ది నెలలకే చనిపోయాడు. కొడుకు స్టీఫెన్ ఆ పని ఎత్తుకున్నాడు. అతను మొదట వేసుకున్న లెక్కలో కుటుంబ పెద్దకు 640 ఎకరాలు, భార్యకు 320, పిల్లకో పిల్లాడికో 160, తెచ్చే ఒక్కో బానిసకు 80 ఎకరాలు. బానిస లెక్కన వచ్చే భూమి బానిసకు కాదు, యజమానికి. ఎంతమందిని తోలుకొస్తే అంత పొలం. జారెడ్ గ్రోస్ అనే అతను 1822లో దాదాపు 90 మంది బానిసలతో వచ్చి బ్రాజస్ నది ఒడ్డున పత్తి వేశాడు. ఆ కాలనీలో అతని కంటే ధనవంతుడు లేడు. 1825 జనాభా లెక్కలో ఆస్టిన్ కాలనీలో తెల్లవాళ్లు 1,347 మంది, బానిసలు 443 మంది. నలుగురిలో ఒకరన్నమాట. కోస్తా దగ్గరి నదుల వెంబడి నల్లటి ఒండ్రు నేల, న్యూ ఆర్లియన్స్‌లో పత్తికి మంచి ధర. వచ్చినవాళ్లలో ఎక్కువమంది అమెరికా దక్షిణ రాష్ట్రాలవాళ్లు. వాళ్లకు తెలిసిన పత్తి సేద్యం బానిసలతో చేయించేదే.

చిక్కేమిటంటే కొత్త మెక్సికోలో గాలి ఎదురుగా వీస్తోంది. టెక్సాస్‌ను పక్కనున్న కోవావీలాతో కలిపి ఒకే రాష్ట్రం చేశారు. దాని రాజధాని సాల్టీయో. 1827లో ఆ రాష్ట్ర రాజ్యాంగం, ఇకపై పుట్టే పిల్లలెవరూ బానిసలు కారని, ఆరు నెలల తర్వాత కొత్తగా బానిసల్ని తేకూడదని చెప్పింది. దానికి మరుసటి ఏడే ఒక దొడ్డిదారి దొరికింది. విదేశాల్లో చేసుకున్న కూలి ఒప్పందాలు ఇక్కడా చెల్లుతాయని 1828 మేలో చట్టం చేశారు. ఇంకేముంది, సరిహద్దు దాటేముందు బానిసని నోటరీ ముందు నిలబెట్టి ‘కూలి ఒప్పందం’ మీద వేలిముద్ర లాంటిది వేయించేవారు. తన వెల, తన దారిఖర్చు తానే బాకీపడ్డట్టు రాసి, అది తీరేదాకా చాకిరీ చేయాలి. కూలి ఎంత తక్కువంటే ఆ బాకీ జన్మలో తీరదు. 99 ఏళ్లకు రాసిన ఒప్పందాలూ ఉన్నాయి. తెలంగాణ పల్లెల్లో తాతల నాటి అప్పుకు మనవళ్లు వెట్టి చేసిన కథలు విన్నవాళ్లకు ఈ కాగితం ఎలా పనిచేస్తుందో విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇంకొక సంగతి, ఇది తెలుగువాళ్ల వాదనల్లో ఎప్పుడూ రాదు. ఈ దొడ్డిదారి తెరిపించింది అమెరికా నుంచి వచ్చిన వలసదారులు ఒక్కరే కాదు. శాన్ ఆంటోనియోలోని కొందరు టెహానో పెద్దలు, అంటే అక్కడి స్పానిష్ మాట్లాడే కుటుంబాలవాళ్లు, పత్తి వస్తే తమ ప్రాంతం బాగుపడుతుందని ఆశపడి సాల్టీయోలో వాళ్ల తరఫున మాట్లాడారు. తర్వాత ప్రకటన మీద సంతకం పెట్టిన హోసే ఆంటోనియో నవారో వాళ్లలో ఒకడు. కాబట్టి దీన్ని తెల్లవాళ్లకీ మెక్సికన్లకీ మధ్య జాతి పోరుగా రాస్తే అదీ పొసగదు.

1829 సెప్టెంబరులో అధ్యక్షుడు విసెంటే గెర్రెరో దేశమంతా బానిసత్వం రద్దు చేస్తూ ఆజ్ఞ జారీ చేశాడు. అతనిలో ఆఫ్రికా రక్తం ఉంది. శాన్ ఆంటోనియోలోని అధికారి ఆ ఆజ్ఞని చాటించకుండా తొక్కిపెట్టి, మినహాయింపు కోసం అర్జీ పంపాడు. డిసెంబరుకల్లా టెక్సాస్‌కు మినహాయింపు వచ్చింది. 1830 ఏప్రిల్ 6 చట్టం అమెరికా నుంచి వలసల్ని ఆపింది, కొత్త బానిసల్ని తేవడాన్నీ నిషేధించింది. 1832లో ఆ కూలి ఒప్పందాలు పదేళ్లకు మించకూడదన్నారు. చూశారా, ఒకసారి తలుపు మూస్తారు, ఒకసారి ఓరగా తీస్తారు, మళ్లీ మూస్తారు. పత్తి కోసం బానిసల మీద డబ్బు పెట్టేవాడికి ఇంతకు మించిన గుబులు ఏముంటుంది?

అనావాక్ రేవులో 1832లో జరిగిన గొడవ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. పాఠాల్లో అది ఎక్కువగా సుంకాల గొడవగానే వస్తుంది. సుంకాలూ ఉన్నాయి, నిజమే. కానీ లూసియానా నుంచి పారిపోయి వచ్చిన బానిసలకు అక్కడి మెక్సికో సైన్యాధికారి బ్రాడ్‌బర్న్ ఆశ్రయం ఇచ్చాడు. తిరిగి అప్పగించమంటే కుదరదన్నాడు. యజమాని తరఫున వచ్చిన లాయరు విలియం ట్రావిస్. తర్వాత అలమోలో చనిపోయిన ట్రావిస్ ఇతనే. అతన్ని బ్రాడ్‌బర్న్ అరెస్టు చేయించడంతో జనం తుపాకులు పట్టుకు వచ్చారు. ఒకే గొడవలో సుంకం ఎక్కడ అయింది, బానిసల సంగతి ఎక్కడ మొదలైంది అని గీత గీయమంటే ఎవరివల్లా కాదు.

ఇక ఆస్టిన్. 1830లో ఒకచోట బానిసత్వాన్ని శాపాల్లోకెల్లా శాపం అన్న మనిషి, 1833లో ఒక లేఖలో టెక్సాస్ బానిస దేశంగానే ఉండి తీరాలి, పరిస్థితులూ తప్పని అవసరమూ అలా చేస్తున్నాయి, ప్రజల కోరికా అదే అని రాశాడు. ఆ మనిషి దుర్మార్గుడా అంటే నాకు అలా అనిపించదు. అందుకే ఆ లేఖ ఇంకా భయం పుట్టిస్తుంది. తప్పని తెలిసీ, లెక్కలు వేసుకుని, ఒప్పుకున్నాడు.

ఇంతవరకూ మీ అమ్మాయి పక్షాన మాట్లాడాను. ఇప్పుడు పెదనాన్నగారి పక్షాన ఆయన కంటే బలంగా వాదించాలి, ఎందుకంటే ఆయన తన వాదనలోని అసలైన బలం వాడుకోలేదు.

1835లో శాంటా అన్నా రాష్ట్రాల అధికారాలు లాగేసుకుని అన్నీ కేంద్రం చేతిలో పెట్టాడు. తిరగబడింది ఒక్క టెక్సాస్ కాదు. టెక్సాస్ కంటే ముందే, ఆ ఏడాది మే నెలలో సకాటెకాస్ అనే ఇంకో మెక్సికో రాష్ట్రం తిరగబడితే సైన్యంతో అణిచేశాడు. తర్వాత యుకటాన్ విడిపోయింది. ఆ ప్రాంతాల్లో అమెరికన్ పత్తి రైతులు లేరు. 1835 అక్టోబరు 2న గొంజాలెస్ అనే టెక్సాస్ ఊళ్లో, మెక్సికో సైన్యం అడిగిన ఫిరంగిని ఇచ్చేది లేదని ఊరివాళ్లు మొండికేసి మొదటి గుండు పేల్చినప్పుడు, మెక్సికో సైన్యం అక్కడికి బానిసల్ని విడిపించడానికి రాలేదు. నవంబరులో టెక్సాస్ ప్రతినిధులు సమావేశమై, తాము 1824 రాజ్యాంగం కోసం పోరాడుతున్నామనే చెప్పారు, స్వాతంత్ర్యం కోసం అనలేదు. వాన్ సెగీన్ లాంటి టెహానోలు తమ గుర్రాలతో వచ్చి కలిశారు. అంతెందుకు, మెక్సికో ప్రభుత్వం కాగితం మీద ఎన్ని నిషేధాలు పెట్టినా టెక్సాస్ పొలాల్లో బానిసత్వం ఆగలేదు. శాంటా అన్నా కూడా 1836 ఫిబ్రవరిలో తన యుద్ధ మంత్రికి రాస్తూ, మనిషి స్వేచ్ఛను కాపాడే దేశంలో ఈ అభాగ్యులు ఇంకా సంకెళ్లలో మూలగాలా అని గొప్పగా అడిగాడు గానీ, అతని సొంత జమీలు తక్కువేం కాదు. ఆ దేశపు జమీల్లో అప్పుకు కట్టేసిన కూలీలతో చాకిరీ చేయించుకోవడం మామూలు. అతను విమోచకుడేమీ కాదు.

ఇదంతా నిజమే. అందుకని బానిసత్వం పక్కకు పోతుందా? పోదు. రాష్ట్రాలకు అధికారాలు ఉండాలన్న ఆ పట్టుదలకు టెక్సాస్‌లో ఏం విలువ ఉండేదో చూడాలి. 1828 ఒప్పందాల చట్టం వచ్చింది సాల్టీయో నుంచి. 1829 మినహాయింపు వచ్చింది స్థానిక అధికారుల అర్జీ వల్ల. మెక్సికో సిటీలో ఒక ఆజ్ఞ వెలువడితే దాన్ని మధ్యలో ఆపగలిగే చోటు రాష్ట్రమే. అధికారమంతా రాజధానికి పోతే ఆ చోటు ఉండదు. కాబట్టి ‘వాళ్లు రాష్ట్రాల హక్కుల కోసం పోరాడారు’ అనే వాక్యమూ, ‘బానిసల కోసం పోరాడారు’ అనే వాక్యమూ ఒకదానికొకటి పోటీ కావు. సకాటెకాస్ రైతుకు ఆ హక్కులతో అవసరం వేరు, బ్రాజస్ ఒడ్డున పత్తి వేసినవాడికి వేరు. ఈ వాదన మొత్తంలో నేను నమ్మే సంగతి ఇదే, అమ్మాయి వ్యాసంలో రావాల్సిందీ ఇదే.

అసలు ఈ వాదనలో బానిసల్ని ఎవరూ అడగరు, వాళ్లకేం తెలుసు అన్నట్టు. వాళ్లకు అందరికంటే బాగా తెలుసు. 1835 అక్టోబరులో, యుద్ధం మొదలైన రోజుల్లోనే, బ్రాజస్ ప్రాంతంలో బానిసలు తిరగబడబోతున్నారన్న కబురు ఆస్టిన్‌కి లేఖలో అందింది. పత్తి పొలాలు తామే పంచుకుని, తెల్లవాళ్ల చేత పని చేయించి, పత్తిని న్యూ ఆర్లియన్స్‌కి ఎగుమతి చేయాలన్నది వాళ్ల పథకమట. దాదాపు వందమందిని పట్టుకున్నారు, చచ్చేట్టు కొరడాలతో కొట్టారు, కొందర్ని ఉరితీశారు. పథకం ఎంతవరకు నిజమో, యజమానుల భయం ఎంతో గానీ, మెక్సికో సైన్యం వస్తే తమ బతుకు మారుతుందని బానిసలకు, మారిపోతుందేమోనని యజమానులకు అనిపించిందన్నది తెలుస్తూనే ఉంది. యుద్ధంలో చాలామంది పారిపోయి ఆ సైన్యం పంచన చేరారు. శాన్ హసింటోలో ఓడి దొరికిపోయిన శాంటా అన్నా చేత మే 14న వెలాస్కోలో సంతకం పెట్టించిన ఒప్పందంలో గుర్రాలు, పశువులతో పాటు నీగ్రో బానిసల్ని కూడా తిరిగి అప్పగించాలన్న షరతు ఉంది.

ఇద్దరి పేర్లు అమ్మాయికి చెప్పండి. ఒకరు జో. ట్రావిస్ బానిస, ఇరవై ఏళ్లు దాటిన కుర్రవాడు. అలమో గోడ మీద యజమాని పక్కనే ఉండి, ప్రాణాలతో బయటపడ్డాడు. లోపల ఏం జరిగిందో కొత్త ప్రభుత్వ పెద్దల ముందు చెప్పింది అతనే. చెప్పించుకుని, ట్రావిస్ ఆస్తిలో భాగంగా మళ్లీ అప్పగించేశారు. 1837 ఏప్రిల్ 21న, శాన్ హసింటో విజయానికి సరిగ్గా ఏడాది నిండిన రోజున, జో పారిపోయాడు. పట్టిస్తే 50 డాలర్లు ఇస్తామని పేపర్లో ప్రకటన వేశారు. అలమోలో చచ్చిపోయినవాళ్ల పేర్లు టెక్సాస్‌లో జిల్లాలకీ బడులకీ ఉన్నాయి. బతికి వచ్చి కథ చెప్పిన ఇతని పేరు ఎంతమంది పిల్లలకు తెలుసో మీరే అడిగి చూడండి.

రెండోవాడు గ్రీన్‌బరీ లోగన్. స్వేచ్ఛ పొందిన నల్లజాతి కమ్మరి. 1831లో వచ్చాడు. టెక్సాస్ తరఫున పోరాడి, 1835 డిసెంబరులో శాన్ ఆంటోనియో ముట్టడిలో గాయపడి, చేయి పనికిరాకుండా పోయింది. ఏ దేశం కోసం గాయపడ్డాడో ఆ దేశంలో ఉండనివ్వమని అదే దేశాన్ని అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. కనీసం పన్నులైనా తగ్గించమని 1841లో రాసిన లేఖలో, స్వేచ్ఛగల మనిషికి ప్రియమైన ప్రతి హక్కూ తన నుంచి తీసేశారని వాపోయాడు. ఈ యుద్ధం స్వేచ్ఛ కోసం అనేవాళ్లూ, కాదనేవాళ్లూ, ఇద్దరూ లోగన్‌కి సమాధానం చెప్పాలి. అతను మనస్ఫూర్తిగానే పోరాడాడు కదా!

‘ఈమధ్య పుట్టిన రాజకీయం’ అన్న మాట మాత్రం మీ తోడల్లుడుగారు వెనక్కి తీసుకోవాలి. యుద్ధం జరిగిన 1836లోనే బెంజమిన్ లండీ అనే బానిసత్వ వ్యతిరేకి, ఇదంతా బానిసల యజమానుల కుట్ర అని కరపత్రం వేశాడు. మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ 1838లో టెక్సాస్‌ను అమెరికాలో కలపకూడదని ప్రతినిధుల సభలో రోజుల తరబడి ప్రసంగించాడు. కలవడానికి 1845 డిసెంబరు దాకా పట్టిందంటే పెద్ద కారణం ఈ గొడవే. లండీ చెప్పిన ముందస్తు కుట్రను ఇప్పటి చరిత్రకారుల్లో ఎక్కువమంది ఒప్పుకోరు. అమ్మాయి కూడా ఆ దారిన వెళ్లకుండా చూడండి.

ఇక టెక్సాస్ పెద్దల నోటి నుంచే వినాలంటే 1861 ఫిబ్రవరి 2 కాగితం ఉంది. అమెరికా నుంచి విడిపోతూ కారణాలు రాసుకున్నారు. తెల్లజాతి ఈ అడవిలో మొదట కాలు పెట్టిన నాటి నుంచి నీగ్రోల దాస్యం ఇక్కడ ఉందని, దాన్ని కాపాడుకునే రాష్ట్రంగానే తాము యూనియన్‌లో చేరామని, ఎప్పటికీ అలాగే ఉండాలని తమ ప్రజల కోరిక అని అందులో ఉంది. ఎవరూ బలవంతంగా రాయించలేదు, గర్వంగా రాసుకున్నారు. 1836లో సుమారు 5 వేలమంది బానిసలు ఉండేవారు. 1845కి కనీసం 30 వేలు. 1850 జనాభా లెక్కల్లో 58,161. 1860లో 1,82,566, అంటే జనాభాలో నూటికి 30 మంది. 9వ సెక్షన్ తాను చేయాల్సిన పని చేసింది.

ఇక వ్యాసం. ‘కోసమే విడిపోయింది’ అన్న వాక్యం తీసేయమనండి. దాని బదులు, రెండు కాగితాలూ ఏం చెబుతున్నాయో, ఏది ఎందుకు వదిలేశాయో రాసి, అధికారం కేంద్రానికి పోతుందన్న భయానికీ పత్తికీ ఉన్న లంకె చూపించమనండి. సకాటెకాస్ పేరు ఒక్కసారైనా రావాలి. బానిసత్వం గురించిన పేరా మాత్రం తగ్గించొద్దు, వీలైతే పెంచమనండి. మార్కుల టెన్షన్ అర్థమైంది. 2021లో టెక్సాస్‌లో చరిత్ర బోధన మీద చట్టాలు వచ్చాయి. అదే ఏడాది ‘1836 ప్రాజెక్ట్’ అని ఒక కమిటీ వేసి, రాష్ట్ర చరిత్ర గురించి ఒక చిన్న పుస్తకం రాయించి, కొత్తగా డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేవాళ్లకు ఇవ్వాలని కూడా చట్టంలో పెట్టారు. కొత్తగా ఊరు మారి వచ్చిన మన పిల్లల చేతికీ అది వస్తుంది. ఆ చట్టాలు బడుల్లో ఏం చెప్పాలన్నదాని గురించి. విద్యార్థి 1836 రాజ్యాంగం నుంచి ఒక సెక్షన్ ఎత్తి రాస్తే తప్పు అనే చట్టం ఏదీ లేదు. మూలపత్రం చూపించిన వ్యాసానికి మార్కులు తగ్గించడం ఏ టీచరుకైనా కష్టం. ఒకవేళ తగ్గినా, 7వ తరగతిలో ఒక వ్యాసం మార్కులు పోతే ఏ కాలేజీ సీటూ పోదండీ.

‘మనకెందుకు’ అన్న ప్రశ్న మీద నాకు కొంచెం విసుగు ఉంది, దాచుకోను. సెప్టెంబర్ 17 వచ్చిందంటే హైదరాబాద్ గురించి డల్లాస్‌లో కూర్చుని రాత్రి రెండింటిదాకా వాట్సాప్‌లో కొట్టుకుంటాం. మనం ఇల్లు కట్టుకున్న నేల గురించి పిల్ల అడిగితే బయటివాళ్లమంటాం. కేటీకి దగ్గర్లో షుగర్‌ల్యాండ్‌లో ఎందరు తెలుగువాళ్లు ఉన్నారో మీకు తెలుసు. అక్కడ 2018లో స్కూలు కట్టడానికి తవ్వుతుంటే 95 మంది అస్థిపంజరాలు బయటపడ్డాయి. బానిసత్వం పోయాక ఖైదీల్ని కూలికి అద్దెకిచ్చే పద్ధతిలో చెరకు తోటల్లో చాకిరీ చేసి చచ్చిపోయిన నల్లవాళ్లవి. మన పిల్లలు చదివేది ఆ స్కూళ్లలోనే. జూన్ 19న మీకు సెలవు వస్తోంది కదా, 1865లో అదే రోజు గాల్వెస్టన్‌లో విడుదల ఆజ్ఞ చదివారు. మీ అమ్మాయి టెక్సాస్ పిల్ల, ఆ ప్రశ్న ఆమెది.

అయితే పెదనాన్నని నలుగురిలో ‘సగమే చదివారు’ అనడం పద్ధతి కాదు, ఆ మాటకు సారీ చెప్పమనండి. మాటతీరుకు మాత్రమే, విషయానికి కాదు. ఆ తేడా ఆమెకు అర్థమవుతుంది. మీరు ఆయనకు ఫోన్ చేసి, ‘అన్నయ్యా, ప్రకటన గురించి మీరు చెప్పింది కరెక్టే, అమ్మాయి వ్యాసం దిద్దుతోంది, రాజ్యాంగంలో ఈ సెక్షన్ మీరూ ఒకసారి చూసి చెప్పండి’ అని 9వ సెక్షన్ పంపండి. ఓడిపోయానని ఒప్పుకోమంటే ఎవరూ ఒప్పుకోరు, అభిప్రాయం చెప్పమంటే చెబుతారు. వీలైతే రెండు కుటుంబాలూ కలిసి ఒక శనివారం వెస్ట్ కొలంబియాలోని వర్నర్-హాగ్ ప్లాంటేషన్‌కి వెళ్లండి. అది మొదట ఆస్టిన్ తెచ్చిన తొలి కుటుంబాల్లో ఒకరిది, 1834లో ప్యాటన్ అనే అతను కొన్నాడు. అక్కడి ఇల్లూ, చక్కెర మిల్లూ బానిసల చేత కట్టించినవే. వాషింగ్టన్-ఆన్-ది-బ్రాజస్ ఇంకో రోజు పెట్టుకోండి, రెండూ ఒకే రోజు అంటే పిల్లలు అలిసిపోతారు. ముందు మాత్రం వ్యాసం ఇచ్చే తేదీ ఎప్పుడో కనుక్కుని, ఆ ఒక్క వాక్యం మార్పించండి.